శివారు కాలువ – ఆడపిల్ల పదో తరగతి

(గుడివాడలో మన సంఘం గ్రామ శాఖల కార్యకర్తలకు జరిగిన శిక్షణా తరగతిలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం. అక్కడక్కడ కుదించాం.)



రైతు సంఘం క్లాసుకి లెక్కల టీచరుని ఎందుకు పిలిచారని పొద్దున టీ దగ్గర ఒక పెద్దాయన అడిగారు. గిట్టుబాటు ధర లెక్క ఎంతకీ తేలడం లేదు కదా, అందుకే పిలిచుంటారని చెప్పాను. ఆయన నవ్వారు. కానీ నేను చెప్పబోయేది నిజంగా ఒక లెక్కే. అందులో ఒక పక్క కాలువ నీళ్లు, కౌలు బస్తాలు, మినుము ఉంటాయి. రెండో పక్క మన ఇంట్లో తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే ఆడపిల్ల మార్కులు ఉంటాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగొచ్చు. నాకూ చాలా ఏళ్లు తెలియలేదు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. ఎక్కువ కాలం దివిసీమలోనే. రిటైరవడానికి కొంచెం ముందు నా క్లాసులో ఒక పిల్ల ఉండేది. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో అందరికంటే ముందు. బోర్డు మీద సగం రాసేసరికే జవాబు చెప్పేది. పదో తరగతికి వచ్చేసరికి వెనకపడింది. పిలిస్తే తల దించుకునేది. ప్రోగ్రెస్ కార్డు మీద 'శ్రద్ధ తగ్గింది' అని నేనే రాశాను. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన వాళ్ల నాన్నతో కూడా అదే మాట అన్నాను. ఆయన కౌలు రైతు. ఏమీ వాదించలేదు. 'సరేనమ్మా, చెప్తాను' అని సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

సంక్రాంతి సెలవుల తర్వాత ఎందుకో హాజరు పట్టీ తీసి ఆ పిల్ల రాని రోజులు లెక్కపెట్టాను. చెదురుమదురుగా లేవు, మూడు గుత్తులుగా ఉన్నాయి. ఆగస్టులో ఒక గుత్తి, నవంబరు చివర నుంచి డిసెంబరు నడిమి దాకా ఒక గుత్తి. మూడోది అప్పుడే మొదలవుతోంది. సరే, మిగతా ఆడపిల్లలవీ చూద్దామని పేజీ తిప్పాను. కూలికి వెళ్లే ఇళ్లవాళ్లు, కౌలుకి చేసే ఇళ్లవాళ్లు, ఎవరివి చూసినా అవే రోజులు. మగపిల్లలూ బడి ఎగ్గొట్టారు, కానీ వాళ్లవి చెదురుమదురుగా ఉన్నాయి. ఒకడు జ్వరమని, ఒకడు సినిమాకని. ఆడపిల్లల సెలవులు మాత్రం గీత గీసినట్టు ఊడ్పులు, కోతలు, మినుము పీకుడు వెంట ఉన్నాయి. ఆ పట్టీ మీద రోజూ సంతకం పెట్టిన మనిషిని నేను. దాన్ని చదవడం అప్పుడు నేర్చుకున్నాను.

మీరు అడగొచ్చు, పది రోజులు రాకపోతే ఏమవుతుంది, తర్వాత చదువుకోవచ్చు కదా అని. తెలుగు పాఠమైతే కొంత సర్దుకోవచ్చేమో. లెక్కలు అలా కావు. పదో తరగతి పుస్తకంలో మొదట వాస్తవ సంఖ్యలు, ఆ తర్వాత బహుపదులు, రెండు చరరాశుల్లో సమీకరణాలు వస్తాయి. ఊడ్పుల రోజుల్లో బహుపదులు పోయాయంటే ఆ తర్వాత వచ్చే వర్గ సమీకరణాలు అర్థం కావు. కోతల రోజుల్లో త్రికోణమితి నడుస్తూ ఉంటుంది, అదీ పోతుంది. పిల్ల తెలివి ఎక్కడికీ పోలేదు, మధ్యలో రెండు మెట్లు లేవు, అంతే. ఎక్కబోయి పడుతుంది. పడితే మనం 'దీనికి లెక్కలు రావు' అంటాం. నేనూ అన్నదాన్నే కదా, అందుకని మిమ్మల్ని అనే హక్కు నాకు పెద్దగా లేదు.

ఇప్పుడు కాలువ దగ్గరికి వద్దాం. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1850ల్లో కట్టారు. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. పైన కంకిపాడు, ఉయ్యూరు వైపు రైతు నారు పోసి ఊడ్చేసరికి కింద నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను శివార్లలో ఇంకా నీళ్ల కోసం లాకుల దగ్గర నిలబడి ఉంటాం. ఇది ఈ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. శివారుకు నీళ్లు ఆలస్యంగా వస్తే నాటు ఆగస్టులోకి పోతుంది, కొన్నిచోట్ల సెప్టెంబరు కూడా ముట్టుకుంటుంది. నాటు వెనకబడితే కోత డిసెంబరులోకి పోతుంది. మనం మినుము ఎప్పుడు చల్లుతాం? కోతకు నాలుగు రోజుల ముందు, నిలబడ్డ వరిలోనే. అక్కడి నుంచి డెబ్భై అయిదు, ఎనభై రోజులు లెక్కపెట్టండి. నవంబరు చివర చల్లిన మినుము ఫిబ్రవరి నడిమికి చేతికొస్తుంది. డిసెంబరు చివర చల్లినది మార్చి నడిమికి వస్తుంది.

పదో తరగతి పరీక్షలు ఎప్పుడు? పోయిన ఏడాది, 2025లో, మార్చి 17న మొదలై 31న ముగిశాయి. అంతకు ముందు ఏడాదీ 18నే మొదలయ్యాయి.

అంటే కాలువకు నీళ్లు నెల రోజులు ఆలస్యమైతే, మినుము పీకుడు సరిగ్గా పరీక్షల మీదికి వచ్చి కూర్చుంటుంది. జూన్‌లో బ్యారేజీ దగ్గర ఎవరో తీసుకున్న నిర్ణయం మార్చిలో పిల్ల జవాబు పత్రం మీద కనిపిస్తుంది. మనం నీటి విడుదల గురించి ధర్నా చేసినప్పుడు ఎకరాల లెక్క చెప్తాం, బస్తాల లెక్క చెప్తాం. ఈ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని మనకు తోచలేదు.

మరి పరీక్షల రోజుల్లో పిల్లని చేనికి ఎవరు తీసుకెళ్తారు, అంత మూర్ఖులమా అని కొందరు అనుకుంటూ ఉంటారు. నిజమే, పరీక్ష రోజున ఎవరూ తీసుకెళ్లరు. చేనికి తల్లి వెళ్తుంది. కాయ ఎండి నేల రాలకముందే పీకాలని తెల్లవారుజామున, మంచు మీదే వెళ్తుంది. అప్పుడు వంట ఎవరిది? చిన్నపిల్లాడికి స్నానం ఎవరు చేయిస్తారు? గేదెకు కుడితి ఎవరు పెడతారు? మంచానపడ్డ మామ్మకు మందు ఎవరిస్తారు? ఆ ఇంట్లో పదో తరగతి చదివే అన్నయ్య ఉంటే, 'వాడికి పరీక్షలు, వాణ్ణి లేపకండి' అంటాం. అదే తరగతి చదివే ఆడపిల్ల ఉంటే, 'పని చేసుకుని చదువుకోమ్మా' అంటాం. ఇద్దరికీ పరీక్ష ఒకటే, ప్రశ్నపత్రం కూడా ఒకటే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో కోసిన వరి పనల మీద ఉంది, కొంత కుప్పల్లో ఉంది. తడిసిన ధాన్యాన్ని రోడ్ల మీద ఎండబెట్టుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ రోడ్ల పక్కన ధాన్యం తిరగేస్తూ, గొడ్లు రాకుండా కాపలా కాస్తూ కూర్చున్నది ఎవరు? ఒకసారి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోండి. ముసలివాళ్లు, ఆడపిల్లలు. నేను బడికి వెళ్లే దారిలో అలా కూర్చున్న పిల్ల ఒళ్లో సోషల్ పుస్తకం చూశాను. బండి ఆపి అడిగితే, 'నాన్న మిల్లు దగ్గర ఉన్నారు టీచర్, తేమ తగ్గితేగాని తీసుకోరంట' అంది. ఆ పిల్ల నాకు పదిహేడు శాతం తేమ గురించి చెప్పింది. ఆ వారం క్లాసులో మేం చెప్పిన పాఠం మాత్రం ఆమెకు తెలియదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, వినాలి కూడా. ఫలితాల్లో ఆడపిల్లలే ముందుంటున్నారు కదా అని. నిజమే. 2025 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో బాలికలు 84.09 శాతం, బాలురు 78.31 శాతం పాసయ్యారు. ఏటా ఈ వార్త చూసి మనం సంతోషిస్తాం, నేనూ సంతోషిస్తాను. అయితే ఆ శాతం పరీక్ష హాల్లో కూర్చున్నవాళ్లది. తొమ్మిదో తరగతిలో మానేసిన పిల్ల ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఇంకో సంగతి, పాసవడానికి ముప్ఫై అయిదు చాలు. ఎనభై రావాల్సిన పిల్లకు నలభై వస్తే పేపర్లో ఆమె పాసే. కానీ ఆ నలభైతో ఇంటర్‌లో ఎంపీసీ తీసుకునే ధైర్యం ఆమెకు ఉండదు, ఇంట్లోవాళ్లకు అసలే ఉండదు. ఇన్ని పనుల మధ్య మన ఆడపిల్లలు అన్ని మార్కులు తెచ్చుకున్నారంటే, ఆ పనులు లేకపోతే ఎంత తెచ్చుకునేవాళ్లు? నన్ను పట్టుకున్న ప్రశ్న అదే.

కౌలు లెక్క వేద్దాం. తప్పులుంటే మీరే దిద్దండి, నాకంటే మీకు బాగా తెలుసు. ఎకరానికి ముప్ఫై బస్తాలు పండాయనుకుందాం. అందులో ఇరవై కౌలుకు కొలిచామనుకుందాం. (సభలో నుంచి: 'మా ఊళ్లో ఇంకా ఎక్కువే టీచర్!') సరే, ఇరవై అనే అనుకుందాం. మిగిలింది పది బస్తాలు. బస్తా 75 కిలోలు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే బస్తాకు 1,777 రూపాయలు. పూర్తి ధర దక్కిందనే అనుకున్నా పది బస్తాలకు 17,770. దమ్ముకీ నాటుకీ ఎరువుకీ మందుకీ కోత మిషనుకీ అది చాలదని మీకు వేరే చెప్పాలా? అందుకే మన వైపు వరి ఆసామిది, మినుము కౌలుదారుది అంటారు. 2025-26లో మినుము మద్దతు ధర 7,800. ఎకరానికి నాలుగు క్వింటాళ్లు వస్తే ఆ ఏడాది గట్టెక్కినట్టు. పల్లాకు తెగులు వచ్చినా, ఫిబ్రవరిలో వాన పడినా మునిగినట్టు. ఇంటి మొత్తం ఆశ ఆ ఒక్క పంట మీద ఉన్నప్పుడు కూలి మిగిల్చుకోవాలని చూస్తారు. మిగిల్చుకునే కూలి ఇంట్లో ఆడవాళ్ల చేతుల్లో నుంచే వస్తుంది. తల్లి చేను చూస్తే, ఇల్లు కూతురు చూస్తుంది. ఇది ఆ తండ్రి దుర్మార్గం కాదు. ప్రోగ్రెస్ కార్డు మీద మాట్లాడకుండా సంతకం పెట్టిన మనిషికి ఆ రోజు నేను ఈ లెక్క వేసి చూడలేదు.

కౌలుదారుకి గుర్తింపు పత్రం లేకపోతే బ్యాంకు అప్పు లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ పత్రం రావాలంటే ఆసామి ఒప్పుకోవాలి. ఆసామి ఒప్పుకోడు. కాబట్టి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తేవాలి. వడ్డీకి తోడు తల్లి పేరు మీద డ్వాక్రా వాయిదా, మైక్రో ఫైనాన్స్ వారం వాయిదా. వారం వాయిదా ఉన్న ఇంట్లో తల్లి ఒక్క రోజు పని మానలేదు. పైగా ఊళ్లో పని తగ్గిపోయింది. వెద సాగు వచ్చాక ఊడ్పు పని తగ్గింది, మిషను వచ్చాక కోత పని పోయింది. ఆడ కూలీలు ఆటోలో పన్నెండు మంది ఇరుక్కుని పొరుగు మండలాలకు వెళ్తున్నారు. ఆరింటికి ఎక్కితే రాత్రి ఏడింటికి దిగుతున్నారు. ఆ పదమూడు గంటలూ ఇంటి తల్లి ఎవరనుకున్నారు? తొమ్మిదో తరగతి పిల్ల.

నా అలవాటు కొద్దీ ఇంకో చిన్న లెక్క. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఇంటి పని అనుకుందాం. రోజుకు నాలుగు. బడి నడిచే రోజులు ఏడాదికి 220 అనుకుంటే 880 గంటలు. బడి రోజును ఏడు గంటలుగా తీసుకుంటే అది 125 బడి రోజులకు సమానం. అంటే పక్క బెంచీలో కూర్చున్న అబ్బాయి కంటే ఆమె ఏడాదికి 125 బడి రోజుల పని అదనంగా చేసి వచ్చి అదే పరీక్ష రాస్తోంది. తొమ్మిదీ పదీ కలిపితే 250. మీ ఇంట్లో ఎన్ని గంటలో మీరే వేసుకోండి. భార్యని అడిగి వేసుకోండి, మన అంచనా తక్కువ వస్తుంది.

ఇదంతా దివి సంగతి అనుకోకండి. ఈ గుడివాడ పక్కనే నందివాడ మండలం ఉంది. వరి చేలు చేపల చెరువులయ్యాయి. చెరువు గట్టు మీద షెడ్డులో కాపలా కుటుంబం ఉంటుంది. జీతం మాట్లాడుకునేది మగమనిషితో, పని చేసేది ఆలూమగలిద్దరూ. షెడ్డు నుంచి తారు రోడ్డు దాకా గట్టు వెంబడి నడక, వాన పడితే కాలు దిగబడే బురద. పదేళ్ల పిల్లని ఆ దారిన పంపుతారు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఒంటరిగా ఎలా పంపను అంటుంది తల్లి. భయం అబద్ధం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఆ మండలాన్ని ముంచినప్పుడు గట్లతో పాటు పుస్తకాలూ పోయాయి.

బందరు వైపు వెళ్తే సంగతి ఇంకో రకం. చిలకలపూడి గిల్టు నగలు దేశమంతా పేరున్నవే. గొలుసులు అల్లడం, రాళ్లు అతకడం ఇళ్లలోనే జరుగుతాయి, ముక్కకు ఇంత అని ఇస్తారు. బయటికి వెళ్లక్కర్లేదు, ఎండ లేదు, భయం లేదు. అందుకే ఇది పని అని కూడా ఎవరికీ అనిపించదు. బడి నుంచి రాగానే పిల్ల పట్టకారు తీసుకుని తల్లి పక్కన కూర్చుంటుంది. 'ఖాళీగా కూర్చోకుండా ఏదో చేసుకుంటోంది' అంటారు. చదువుకునే పిల్లకు ఖాళీ అనేది ఎలా ఉంటుందండీ? పెడన అద్దకం పని ఇళ్లలోనూ ఇంతే. బందరులో వందేళ్లకు పైబడిన ఆడపిల్లల ఉన్నత పాఠశాల ఉంది, లేడీ యాంప్తిల్ పేరు మీద. బడి దూరమని చెప్పడానికి లేని ఊరు అది. అక్కడా సాయంత్రాలు ఇలాగే పోతున్నాయి.

ఎదురుమొండి దీవుల వాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. కాలేజీ చదువుకు రేవు దాటి రావాలి. పంటు ఆగిపోయిందంటే ఆ రోజు చదువు లేనట్టే. గాలివాన రోజున ఆడపిల్ల అవతలి ఒడ్డున చిక్కుకుపోతే ఏమిటి అన్న ఒక్క మాట చాలు ఇంటర్ చేర్చకపోవడానికి.

చట్టం సంగతి రెండు మాటల్లో చెప్తాను. 2009 విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకానే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగు దాటినవాళ్లను ప్రమాదకరం కాని పనుల్లో పెట్టుకోవచ్చంటుంది. పద్నాలుగు లోపు పిల్లలు కూడా బడి అయ్యాక ఇంటివాళ్ల పనిలో సాయం చేయొచ్చంటుంది. పెళ్లికి మాత్రం పద్దెనిమిది ఉండాలి. మధ్యలో నాలుగేళ్లు. బడికి పంపాలన్న బలవంతం లేదు, పనికి అడ్డు లేదు, పెళ్లికి వయసు రాలేదు. తొమ్మిది, పది, ఇంటర్ అన్నీ ఆ నాలుగేళ్లలోనే ఉన్నాయి. ఆ నాలుగేళ్లూ పిల్ల పూర్తిగా ఇంటి ఆర్థిక పరిస్థితి చేతుల్లో ఉంటుంది. ఆ ఏడు పంట బాగుంటే చదువుతుంది, లేకపోతే లేదు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి, వాటిని చిన్నబుచ్చను. పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా పెడుతున్నారు. ఇది పెద్ద మేలు. తల్లికి వందనం కింద ఖాతాలో 13,000 పడుతున్నాయి. పోయిన జూన్‌లో పడ్డాయి. జూన్ అంటే మనకు ఏం నెల? విత్తనాల నెల, దమ్ము నెల, పాత బాకీ అడిగే నెల. డబ్బు పిల్ల పేరు చెప్పి వచ్చి దుక్కిలోకి పోయింది. తల్లిని తప్పుపట్టలేం. బ్యాంకు ఇవ్వాల్సిన పంట అప్పు ఆమె తన కూతురి చదువు డబ్బులోంచి తీసి ఇచ్చింది, అంతే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సు ఉచితం. చాలా మంచిది. అయితే టికెట్టు లేని బస్సు సాయంత్రం నాలుగున్నరకి మన ఊరికి రావాలి కదా! ఆరున్నరకి వచ్చే బస్సు ఉచితమైనా ఆడపిల్ల తల్లికి పనికిరాదు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఇప్పటిదాకా కౌలుదారుల ఇళ్లు, కూలీల ఇళ్లు అన్నాను. మన సంఘంలో నాలుగైదు ఎకరాల సొంత భూమి ఉన్నవాళ్లూ ఉన్నారు. కొడుకును విజయవాడ పక్కన హాస్టలు కాలేజీలో లక్షకు పైగా కట్టి చేర్పిస్తాం. కూతురు ఊళ్లో బడికి, ఆ తర్వాత దగ్గర్లో ఏది ఉంటే దానికి. కారణం అడిగితే కట్నం ఎటూ ఇవ్వాలి కదా, రెండుసార్లు ఎక్కడ పెడతాం అంటాం. (సభలో నవ్వులు) నవ్వుతున్నారు కానీ, ఈ మాట నేను తల్లిదండ్రుల సమావేశంలో ఎన్నోసార్లు విన్నాను. చెప్పినవాళ్లంతా మంచివాళ్లే. ఇంకో సంగతి. ఊడ్పుల రోజుల్లో మేస్త్రీ ముఠాను తెచ్చినప్పుడు అందులో హైస్కూలు పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మన చేలోనే. మనం గట్టు మీద నిలబడి ఉంటాం. వాళ్లని చూసి, 'ఏమ్మా, ఇవాళ బడి లేదా?' అని అడిగినవాళ్లు మనలో ఎంతమంది?

ఈ గుడివాడలో 1950లో కాలేజీ పెట్టినప్పుడు చుట్టుపక్కల చదువుకున్న పిల్లలు అంతా రైతు బిడ్డలే. డెల్టాలో ఎన్నో హైస్కూళ్లు రైతులిచ్చిన స్థలాల్లోనే నిలబడ్డాయి. అప్పటివాళ్లు బడిని మేస్టర్ల సొంత వ్యవహారం అనుకోలేదు. అందుకే ఇవాళ ఈ సంగతి తెచ్చి మీ ముందు పెట్టడానికి నాకు మొహమాటం లేదు.

అసలు ప్రమాదం ఏప్రిల్, జూన్ మధ్య ఉంది. పోయిన ఏడాది పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. తప్పినవాళ్లకు సప్లిమెంటరీ మే 19న మొదలైంది. మధ్యలో ఇరవై ఆరు రోజులు. అవి ముహూర్తాల రోజులు. మినుము అమ్మిన డబ్బు ఇంట్లో ఉండేదీ అప్పుడే. పిల్ల లెక్కలు తప్పిందనగానే 'చదువు ఎటూ అబ్బలేదు, మంచి సంబంధం వచ్చింది' అని మేనమామ వైపు నుంచి ఎవరో ఒకరు వస్తారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని అందులో తేలింది. దేశం సగటు 23.3. పంట కాలువలూ కాలేజీలూ ఇన్ని ఉన్న రాష్ట్రం దేశం కంటే వెనక ఉంది. నేను చూసినంతలో ఆ పెళ్లిళ్లన్నీ పేదరికం వల్లే జరగలేదు. కొన్ని కేవలం ఒక సబ్జెక్టు తప్పడం వల్ల జరిగాయి. ఆ సబ్జెక్టు చాలాసార్లు లెక్కలే. నా సబ్జెక్టే.

మొదట చెప్పిన ఆ పిల్ల సంగతి అడుగుతారని తెలుసు. 2024 మార్చిలో రాసింది. లెక్కలు తప్పింది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి పెళ్లిచూపులు అయిపోయాయి. వాళ్ల నాన్నతో చాలాసేపు మాట్లాడాను. 'పదిహేను నిండి పదహారు రాలేదు, ఇది నేరం' అని కూడా అన్నాను. దానికంటే, 'సప్లిమెంటరీ దాకా నాకు వదిలేయండి, తప్పితే అప్పుడు మీ ఇష్టం' అన్న మాట పనిచేసింది. నిజానికి అనకూడని మాట అది, తప్పినా వాళ్లిష్టం కాదు. కానీ ఆ రోజు అదే నోట్లోంచి వచ్చింది. మా ఇంటి వరండాలో ఇరవై రోజులు కూర్చోబెట్టాను. బహుపదుల దగ్గర మొదలుపెట్టాను. అది తెలిశాక మిగతావి తనే చేసుకుంది. యాభై రెండు వచ్చాయి. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. ఆమెతో పాటు అదే క్లాసులో తప్పిన మరో ముగ్గురి ఇళ్లకు నేను వెళ్లలేదు. వెళ్లేంత ఓపిక లేకపోయింది. వాళ్లలో ఇద్దరికి పెళ్లయిపోయింది.

అందుకని సంఘాన్ని అడుగుతున్నాను. ఒక్క టీచరు వరండాతో అయ్యే పని కాదిది. జిల్లా సాగునీటి సలహా మండలి సమావేశానికి మన ప్రతినిధులు వెళ్లేటప్పుడు శివారుకు నీళ్లు ఏ తేదీకి చేరాలో అడుగుతారు కదా. ఆ కాగితంతో పాటు పదో తరగతి పరీక్షల తేదీలు కూడా పెట్టండి. ఇంజనీర్లు మొదట వింతగా చూస్తారు, చూడనివ్వండి. కౌలు గుర్తింపు పత్రాల మీద వినతిపత్రం రాసేటప్పుడు వడ్డీ లెక్కతో పాటు ఇంట్లో బడి మానేసిన ఆడపిల్లల లెక్క ఊరివారీగా రాయండి. ఆ లెక్క ఇవాళ ఏ కార్యాలయంలోనూ మన కోణం నుంచి లేదు, గ్రామ శాఖే రాయగలదు. అవనిగడ్డ, బందరు, గుడివాడ డిపోలకు సాయంత్రం బస్సు వేళల గురించి వెళ్లాలి. బడి వదిలే టైము, బస్సు వచ్చే టైము రాసుకుని వెళ్తే చాలు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పదో తరగతి ఆడపిల్ల ఉన్న ఇంటి మినుముకి సభ్యులు బదులు పని చేయాలి. ఇవాళ వాళ్ల చేలో మనం, రేపు మన చేలో వాళ్లు. మన పెద్దలకు తెలిసిన పద్ధతే, మిషన్లు వచ్చాక మర్చిపోయాం. తల్లి రెండు వారాలు పొద్దున ఇంట్లో ఉండగలిగితే చాలు. మన చేలో ముఠా దిగినప్పుడు బడి పిల్లలు ఉంటే మేస్త్రీతో అక్కడికక్కడే మాట్లాడాలి. ఆ పిల్ల కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగదన్న పరిస్థితి ఉంటే, అది శాఖ సమావేశంలో చర్చించాల్సిన సంగతే. పిల్లని పంపేసి మన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకోవడం కాదు. పెళ్లి నిశ్చయమైందని తెలిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు. కానీ అంతకుముందే ఆ ఇంటి గడప తొక్కగలిగేది మీరే. పోలీసుల కంటే మీరు వెళ్తే పరువు పోదు.

ఇంక సప్లిమెంటరీ. నాతో పాటు రిటైరైన మేస్టర్లు, టీచర్లు కొందరు ఉన్నారు. లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు చెప్పడానికి ఒప్పుకున్నారు. డబ్బు అక్కర్లేదు. ఫలితాలు వచ్చిన మూడో రోజు నుంచి క్లాసులు మొదలుపెడతాం. మాకు కావలసింది ఊరి మధ్యలో ఒక గది, రెండు ఫ్యాన్లు, మంచినీళ్ల క్యాను. దివిలో ఎండాకాలం ఉప్పునీళ్లు తాగించి పాఠం చెప్పలేం. వేళ పొద్దున ఏడు నుంచి పది దాకా. ఆ మూడు గంటలు పిల్లని ఇంటి పని నుంచి వదిలే పూచీ గ్రామ శాఖది. దివిలో ఒకటి, బందరు వైపు ఒకటి, నందివాడ దగ్గర ఒకటి, మూడు చోట్లయితే ఈ ఏడాదికి మేం సర్దగలం. సంఘం ఆఫీసు కానీ, కల్యాణ మండపం కానీ, ఎవరింటి కొట్టమైనా సరే. ఏ శాఖ గది ఇవ్వగలదో భోజనానికి లేచే ముందు ఇక్కడికి వచ్చి చెప్పండి, పుస్తకం తెచ్చుకున్నాను, రాసుకుంటాను.